ఐదు అంతస్తుల ఆకాశము
(ఒక పాఠ్యపటముపై విమర్శ)

ఉన్నత పాఠశాలల గోడలమీదను, భూగోళశాస్త్ర వాచకములలోను చిరకాలముగా కనిపించుచున్న పటమొకటి కలదు. అడుగున నేల, దానిపై ఒకదానిమీద ఒకటి పేర్చిన ఐదు రంగుల పట్టీలు. మొదటి పట్టీలో మేఘము, వాన. రెండవదానిలో జెట్ విమానము, దాని పైన ఓజోను అని వ్రాసిన ఒక గీత. మూడవదానిలో మండుచు రాలుచున్న ఉల్క. నాల్గవదానిలో ధ్రువకాంతి, నేలకు తిరిగి వచ్చుచున్న రేడియో తరంగము. ఐదవదానిలో కృత్రిమోపగ్రహము. ప్రక్కన కిలోమీటర్ల అంకెలు. ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో, ఎక్సో అను ఐదు ఆవరణముల పేర్లను విద్యార్థి వరుసగా వల్లించి, ఏ పట్టీలో ఏమున్నదో జతపరచి మార్కులు సంపాదించుకొనును.

ఈ పటము చేసిన మేలు లేకపోలేదు. ఆకాశమనగా ఒకే తీరుగ నుండు శూన్యము కాదనియు, పైకి పోయినకొలది దాని స్వభావము మారుననియు లక్షలాది పిల్లలకు తెలియజెప్పినది ఇదియే. కాని శాస్త్రము నేర్పుటకు ఏర్పడిన పటము శాస్త్రప్రశ్నకు తావీయక, పైగా కొన్ని తప్పు సమాధానములను కూడ ఒప్పులుగా చేయించుచున్నప్పుడు దానిని నిలిపి పరీక్షించుట అవసరము. ముఖ్యముగా తెలుగునాట కూర్చుండి దీనిని చదువు విద్యార్థికి, ఈ పటములోని ఆకాశము తన తలపైనున్న ఆకాశము కాదు.

మొదటి పట్టీ ప్రక్కనున్న అంకెను చూడవలెను. చాల పటములలో అది 12 కిలోమీటర్లు, కొన్నింట 11. ఈ అంకె ఎక్కడిది? ఫ్రాన్సు దేశములో పారిస్ సమీపమున త్రాప్ అనుచోట తెస్రాంక్ ద బోర్ అను శాస్త్రజ్ఞుడు స్వంత వ్యయముతో ఒక వేధశాల నెలకొల్పి, ఉష్ణమాపకములు కట్టిన బెలూనులను వందలకొలది ఎగురవేసినాడు. నేలనుండి పైకి పోయినకొలది చలి పెరుగుట అందరును ఎరిగినదే. అయితే 11 కిలోమీటర్ల దరిదాపులలో ఆ పెరుగుదల నిలిచిపోవుచున్నట్లు ఆయన పరికరములు చూపినవి. ఎండ తగిలి ఉష్ణమాపకము వేడెక్కుట వలన ఇట్లు కనిపించుచున్నదేమో అని ఆయన మొదట శంకించి, రాత్రివేళల బెలూనులు వదలి సరిచూచుకొన్నాడు. 236 బెలూనుల ఫలితములను పరిశీలించిన పిమ్మటనే 1902 ఏప్రిల్‌లో ఫ్రెంచి అకాడమీకి నివేదించినాడు. మూడు దినముల తేడాతో జర్మనీలో ఆస్మాన్ అను శాస్త్రజ్ఞుడు కూడ అదే సంగతిని ప్రకటించినాడు. ట్రోపో, స్ట్రాటో అను పేర్లు పెట్టినవాడు తెస్రాంక్ ద బోరే.

ఆ అంకె సత్యమే, పారిస్‌కు సత్యము. తరువాత విమానశాస్త్రము కొరకు నిర్ణయించిన ప్రామాణిక వాతావరణములోను 11 కిలోమీటర్లు, సున్నకు దిగువ 56.5 డిగ్రీలు అను విలువలే స్థిరపడినవి. అవి సమశీతోష్ణ మండలమునకు సగటు విలువలు. హైదరాబాదుమీదను, విశాఖపట్టణముమీదను ట్రోపో ఆవరణపు పైహద్దు 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉండును. అచ్చటి చలి సున్నకు దిగువ 80 డిగ్రీల ప్రాంతము. ధ్రువములవద్ద ఆ హద్దు 8, 9 కిలోమీటర్లకే దిగిపోవును. మంచి వాచకములు భూమధ్యరేఖవద్ద 18, ధ్రువములవద్ద 8 అని ఒక వాక్యములో చెప్పుచునే ఉన్నవి. కాని ప్రక్కపేజీలోని పటము మాత్రము ఆ వాక్యమును పట్టించుకొనక సమతలముగా గీత గీయుచున్నది. పిల్లలకు జ్ఞాపకముండునది పటమే గాని వాక్యము కాదు.

ఈ తేడా అల్పమైనదని కొందరు అనవచ్చును. రెండవ పట్టీలోని జెట్ విమానమును చూచినచో అల్పము కాదని తెలియును. మేఘములు, తుఫానులు లేని స్ట్రాటో ఆవరణములో విమానములు ఎగురునని వాచకము చెప్పును; పరీక్షలో ఖాళీలు పూరింపుమని అడుగును. హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానము సాధారణముగా 35,000 అడుగుల ప్రాంతమున, అనగా పదిన్నర పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోవును. ఐరోపా ఉత్తరభాగముమీద ఆ ఎత్తు స్ట్రాటో ఆవరణపు అంచు కావచ్చును. తెలుగునేలమీద అది ట్రోపో ఆవరణపు నడిమి భాగమునకు కొంచెము పైమాట. వైశాఖమాసపు సాయంకాలము తెలంగాణలో లేచు ఉరుముల మబ్బు 16 కిలోమీటర్లను కూడ అందుకొనగలదు. విమానము ఆ మబ్బుపైనుండి పోదు, పోలేదు. ప్రక్కగా చుట్టి పోవును. ఆ ప్రయాణములో కుదుపులు అనుభవించి దిగిన పిల్లవాడు మరునాడు పరీక్షలో "మేఘములు లేని పొరలో" అని వ్రాసిననే మార్కు వచ్చును. తాను చూచినదానిని వ్రాసినచో మార్కు పోవును. భూగోళశాస్త్రమునకు ఇంతకంటె అపచారము వేరొకటి ఉండదు.

ఈ విషయములో భారతీయుల పరిశోధనయే మొదటినుండి ముందున్నది. కేరళలోని పాలక్కాడు ప్రాంతీయుడైన కె. ఆర్. రామనాథన్ భారత వాతావరణ శాఖలో పనిచేయుచు, ప్రపంచమందలి వివిధ అక్షాంశముల బెలూను కొలతలను ఒకచోట చేర్చి 1929లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించినారు. భూమికి దగ్గరనున్న గాలిలో మిక్కిలి చల్లనిది ధ్రువములమీద లేదనియు, భూమధ్యరేఖమీద సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టిన కంకణమువలె ఉన్నదనియు దాని సారాంశము. మిక్కిలి వేడి నేలకు పైన మిక్కిలి చల్లని గాలి! విద్యార్థికి ఆశ్చర్యము కలిగించి, "ఏల?" అని అడిగించగల సంగతి ఇంతకంటె ఏమి కావలెను? సమాధానమును కూడ తొమ్మిదవ తరగతి విద్యార్థి గ్రహింపగలడు. ఉష్ణమండలమున వేడెక్కిన తడిగాలి బలముగా పైకి పోవును. పైకి పోయినకొలది ఒత్తిడి తగ్గి వ్యాకోచించును, వ్యాకోచించినకొలది చల్లబడును. ఎంత ఎత్తునకు పోయిన అంత చలి. సమతలమైన గీతలు గల పటములో ఈ ప్రశ్న పుట్టుటకే వీలులేదు.

1958లో పంచేటి కోటేశ్వరం గారు వర్షర్తువునందు దక్షిణ భారతముమీద 14 నుండి 16 కిలోమీటర్ల మధ్య తూర్పునుండి పడమరకు వేగముగా వీచు తూర్పు జెట్ ప్రవాహమును వర్ణించినారు. నైరుతి ఋతుపవన విధానములో అదొక ముఖ్యాంగము. 12 కిలోమీటర్లవద్ద వాతావరణ వ్యాపారమంతయు ముగియునని చెప్పు పటములో ఈ గాలికి చోటు ఎక్కడ?

హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రమునకు ఈ భేదము పుస్తకములోని భేదము కాదు, నిత్యము ఎదురగు కష్టము. పెద్ద బెలూనులను పలుచని పాలిథిన్ పొరతో తయారుచేయుదురు. శీతలదేశముల ఆకాశమున 55 డిగ్రీల చలికి తట్టుకొను పొర, ఇచ్చట 80 డిగ్రీలను దాటు చలిలో పెళుసెక్కి చిట్లిపోవు ప్రమాదమున్నది. అందుచేత ఉష్ణమండలపు చలికి తగిన పొరను ఎంచుకొనవలసి వచ్చినది. 2005 ఏప్రిల్‌లో ఈ కేంద్రమునుండి పోయిన ఒక బెలూను 20 నుండి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెచ్చినది. ఆ గాలిలో 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహములు లభించినవి. వాటిలో మూడు బాక్టీరియాలను కొత్త జాతులని 2009లో ప్రకటించి, ఒకదానికి ఆర్యభటుని పేరును, ఒకదానికి ఇస్రో పేరును, ఒకదానికి ఖగోళశాస్త్రజ్ఞుడు హోయిల్ పేరును పెట్టినారు. అవి అచ్చటనే పుట్టి పెరుగుచున్నవని దీనివలన ఋజువు కాదు. అయినను స్ట్రాటో ఆవరణము ధూళిగాని జీవముగాని లేని నిర్మల ప్రదేశమను వాచక వాక్యమును కొంత తగ్గించి వ్రాయవలెనని మాత్రము స్పష్టము.

ఇంతవరకు చెప్పినవి అంకెల లోపములు. అసలు లోపము మరియొకటి. ఈ పటములో రెండు వేర్వేరు కొలబద్దలతో కొలిచిన వస్తువులు ఒకే నిచ్చెనపై ఎక్కించబడినవి.

ట్రోపో, స్ట్రాటో, మీసో, థర్మో అను విభజన కేవలము ఉష్ణోగ్రతనుబట్టి చేసినది. పైకి పోవునపుడు ఉష్ణోగ్రత తగ్గుట మాని పెరుగుట ప్రారంభించినచోట, లేదా పెరుగుట మాని తగ్గుట ప్రారంభించినచోట ఒక హద్దు గీసినారు. అంతకుమించి అక్కడ గోడ లేదు, పైకప్పు లేదు. ఐనో ఆవరణమనునది విద్యుత్ స్వభావమునుబట్టి పెట్టిన పేరు. సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణములు పరమాణువులనుండి ఎలక్ట్రానులను విడదీసిన ప్రాంతమది. దాని దిగువభాగము మీసో ఆవరణములో 60 కిలోమీటర్ల వద్దనే ప్రారంభమగును; పైభాగము థర్మో ఆవరణమును దాటి పోవును. కొన్ని వాచకములు మీసో ఆవరణమునకు పైన ఐనో ఆవరణమని, దానిపైన ఎక్సో ఆవరణమని వరుస చెప్పుచున్నవి. ఇది ఒక ఊరివారిని రైతులు, వర్తకులు, పొడుగువారు, ఎడమచేతివాటమువారు అని నాలుగు కులములుగా లెక్కించుట వంటిది.

పైగా ఐనో ఆవరణము పగలొక తీరు, రాత్రి యొక తీరు. దాని అడుగుభాగము సూర్యుడు అస్తమింపగనే దాదాపు మాయమగును. పగలు మీడియం వేవ్ తరంగములను మ్రింగివేయునది ఆ భాగమే. అది లేని రాత్రివేళ తరంగములు పైభాగమును తాకి వెనుకకు వచ్చును. దూరపు రేడియో కేంద్రములు వినబడును. ఈ ప్రాంతమునుగూర్చి కలకత్తాలో కృషిచేసిన శిశిర్ కుమార్ మిత్రా 1947లో వెలువరించిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' గ్రంథము దేశవిదేశములలో ప్రామాణికమైనది. అట్టి పరంపర గల దేశపు వాచకములలో ఐనో ఆవరణము ఒక రంగుపట్టీగా మిగులుట విచారకరము.

ఓజోను గీత సంగతియు ఇట్టిదే. ఆ గీతను చూచిన పిల్లలు దానిని గుడారపు గుడ్డవలె ఊహింతురు. ఓజోను ఎక్కువగానున్న చోటనైనను పదిలక్షల అణువులలో పదికి మించదు. నేలనుండి అంతరిక్షమువరకు ఉన్న ఓజోనునంతటిని నేలమీది ఒత్తిడికి తెచ్చినచో సుమారు మూడు మిల్లీమీటర్ల మందము. తెలివైన విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కుప్రశ్న తోచవలెను. ఓజోను దట్టముగా ఉండునది 20, 25 కిలోమీటర్ల మధ్య; కాని ఉష్ణోగ్రత హెచ్చుగా ఉండునది 50 కిలోమీటర్లవద్ద. ఎందుచేత? సూర్యుని అతినీలలోహిత కాంతి పైనుండి వచ్చును గనుక పైనున్న కొద్దిపాటి ఓజోనే దానిని ముందుగా పట్టుకొనును. అచ్చటి గాలి పలుచన. స్వల్పమైన వేడికే ఉష్ణోగ్రత బాగుగ పెరుగును. చిన్న గిన్నెలోని పాలు త్వరగా కాగును గదా.

ఇట్లు ఆలోచించిన విద్యార్థికి పొరల పేర్లు వల్లించు పని తప్పును. వాతావరణమునకు మూడు పొయ్యిలున్నవి. మొదటిది నేల, ఎండకు కాగి గాలిని క్రిందినుండి వేడిచేయును. రెండవది ఓజోను. మూడవది వంద కిలోమీటర్లకు పైన అత్యల్పముగానున్న ఆక్సిజన్, నైట్రోజన్‌లు. ఇవి అతితీక్ష్ణమైన కిరణములను మ్రింగి వేయి డిగ్రీలవరకు వేడెక్కును. పొయ్యికి దూరమైనకొలది చలి. మూడు పొయ్యిల నడుమ రెండు చల్లని చోట్లు: ఒకటి ట్రోపో ఆవరణపు పైహద్దు, రెండవది 85 కిలోమీటర్లకు పైన మీసో ఆవరణపు హద్దు. నాలుగు ఆవరణములు వాటంతట అవియే ఏర్పడినవి. అయితే థర్మో ఆవరణములో వేయి డిగ్రీలన్నచో కాలిపోవుదురని అర్థము కాదు. ఒక్కొక్క అణువు వేగము అంతటిది. కాని అణువులు అంత అరుదు గనుక శరీరమునకు తగులు వేడి లెక్కలోనిది కాదు.

ఈ పొయ్యిల లెక్క తెలియకపోవుటచే కలుగు నష్టము పరీక్షలకే పరిమితము కాదు. ఓజోనుకు చిల్లుపడి దానిగుండ ఎండ ఎక్కువగా దిగుటచేతనే భూమి వేడెక్కుచున్నదని చదువుకొన్నవారు సైతము చెప్పుచున్నారు. అంటార్కిటికాపై ఓజోను క్షీణత 1985లో వెల్లడియై, 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. అది వేరు కథ. భూమి వేడెక్కుటకు ముఖ్యకారణము బొగ్గుపులుసు వాయువు. అది ఎక్కువైనచో ట్రోపో ఆవరణము వేడెక్కుననియు, స్ట్రాటో ఆవరణము చల్లబడుననియు మనాబే, వెదరాల్డ్ అను శాస్త్రజ్ఞులు 1967లోనే లెక్కకట్టినారు. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చినది. బెలూనులు, ఉపగ్రహములు తెచ్చిన కొలతలలో నిజముగనే పైన చల్లదనము, క్రింద వేడిమి కనిపించినవి. పై చల్లదనములో కొంత పాలు ఓజోను తగ్గుదలకు కూడ చెందును. కాని సూర్యుడే మండిపడుచున్నట్లయినచో పైభాగము కూడ వేడెక్కవలసినది గదా! ఈ ఒక్క తర్కము చాలు, నేటి వివాదములలో నిజమేదో తేల్చుకొనుటకు. పటములో రెండవ పట్టీ నీలముగానున్నదా పసుపుగానున్నదా అని జ్ఞాపకముంచుకొన్న విద్యార్థికి ఈ తర్కము అందదు.

వాయువుల విషయములోను ఒక అపోహ ఉన్నది. బరువైన వాయువులు అడుగున, తేలికవి పైన అని కొన్ని పుస్తకములు చెప్పును. గాలి ఎడతెగక కలియబడుచుండుటచే సుమారు 100 కిలోమీటర్లవరకు నైట్రోజన్ 78 వంతులు, ఆక్సిజన్ 21 వంతులుగానే ఉండును. ఎవరెస్టు శిఖరముపై ఆక్సిజన్ పాలు తగ్గలేదు. గాలి మొత్తమే మూడవవంతుకు తగ్గినది.

ఉల్కలను మీసో ఆవరణములో మండించుటయు సగము నిజమే. ఆగస్టులో కనబడు పెర్సీడ్ ఉల్కలు వంద కిలోమీటర్లకు పైననే వెలుగుట ప్రారంభించును. అది థర్మో ఆవరణము. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము తిరుగుచున్న 400 కిలోమీటర్ల ఎత్తును థర్మో ఆవరణమే గాని పటములో ఉపగ్రహపు బొమ్మనుంచిన ఎక్సో ఆవరణము కాదు. ఆ ఎత్తులలో గాలి పలుచనైనను లేకపోలేదు. 2022 ఫిబ్రవరిలో సూర్యునివలన కలిగిన అయస్కాంతపు తుఫానుకు థర్మో ఆవరణము వేడెక్కి ఉబ్బగా, కొత్తగా ఎగురవేసిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహములలో 38 గాలి ఒరిపిడికి నిలువలేక క్రిందికి దిగి కాలిపోయినవి. పటములో కదలని గీతలు ఆకాశములో ఇట్లు పొంగుచు, క్రుంగుచు ఉండును. ఇక పైహద్దు మాట: భూమికి చెందిన హైడ్రోజన్ పరమాణువులు 6,30,000 కిలోమీటర్ల దూరమువరకు, చంద్రుని కక్ష్యకును ఆవల, అత్యల్పముగా ఉన్నట్లు 2019లో ప్రకటించినారు. పదివేల కిలోమీటర్లకు గీత గీసి ముగించుట చిత్రకారుని సౌకర్యము మాత్రమే.

కొలతల నిష్పత్తిని గూర్చియు ఒక మాట. పటములో ఐదు పట్టీలు ఇంచుమించు సమానముగా ఉండుటచే గాలియు సమానముగా పంచబడినదని తోచును. నిజమునకు సగము గాలి ఐదున్నర కిలోమీటర్ల లోపలనే ఉన్నది. ఉష్ణమండలమున పదింట తొమ్మిది వంతులు ట్రోపో ఆవరణములోనే ముగియును. పాఠశాలలోని 30 సెంటీమీటర్ల గ్లోబుమీద ఈ ట్రోపో ఆవరణము మందము అర మిల్లీమీటరుకు లోపు. గ్లోబుపై పూసిన రంగు, వార్నీషులకంటె కొంచెము ఎక్కువ, అంతే. ఉపాధ్యాయుడు ఈ ఒక్క ఉదాహరణమును చేతితో చూపినచో పటము చేయలేని పని జరుగును.

పటమును పారవేయుమని ఎవరును అనరు. దాని ప్రక్కన మరియొకటి కావలెను. భారత వాతావరణ శాఖవారు హైదరాబాదు, విశాఖపట్టణములనుండి రేడియోసోండు బెలూనులను ఎగురవేయుదురు. ఏ ఎత్తున ఎంత ఉష్ణోగ్రత యున్నదో ఆ కొలతలు అందరికిని లభ్యమే. అడ్డముగా ఉష్ణోగ్రతను, నిలువుగా ఎత్తును తీసికొని ఒక దినపు కొలతలను గళ్ల కాగితముపై విద్యార్థులచేత గుర్తింపజేయవచ్చును. నేలవద్ద 30 డిగ్రీల నుండి బయలుదేరిన రేఖ ఎడమకు వాలుచు పోయి, 12 కిలోమీటర్లవద్ద ఏ మార్పును లేక, ఇంకను వాలి, 16, 17 కిలోమీటర్ల నడుమ ఒక్కసారిగా కుడికి మళ్లును. ఆ మలుపునకు ఏమి పేరు పెట్టవలెనో, అచ్చట ఏల మళ్లినదో అప్పుడు తరగతిలో అడుగవచ్చును. అంతకు పైన బెలూను 30 కిలోమీటర్ల ప్రాంతమున పగిలిపోవును గనుక కాగితముపై రేఖ అక్కడితో ఆగును. తిరుపతి సమీపమున గాదంకిలోనున్న పెద్ద రాడారు సైతము సుమారు 25 కిలోమీటర్లనుండి 60 కిలోమీటర్ల వరకు ప్రతిధ్వని పట్టలేదు. ఆ నడిమి భాగమును లేసరు కాంతితో వెదకుచున్నారు. రంగుల పటములో అన్ని పట్టీలును ఒకే తీరున నిండియుండును. విద్యార్థి గీసిన కాగితములో పైభాగము ఖాళీగానుండును.